స్టెంటు వేసే ముందు నాళంలోకి చూడాలా?

రెండేళ్ల క్రితం మా మదరసాలో హిఫ్జ్ తరగతి నిర్వహించే హాఫిజ్ సాహెబ్‌కు ఫజ్ర్ నమాజు తర్వాత మెట్లెక్కుతుండగా ఛాతీలో బిగుతు మొదలయింది. మూడు రోజులు అజీర్తి అనుకొని ఓర్చుకున్నారు. నాలుగో రోజు నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లగా యాంజియోగ్రామ్ చేసి, గుండె ముందు భాగానికి రక్తం చేరవేసే ధమనిలో పొడవైన అడ్డంకి ఉందని, స్టెంటు వేయాలని చెప్పారు. ఆయన పెద్ద కుమారుడు సౌదీలో ఉంటాడు. ఆయన శ్రీమతి, ఇద్దరు బావమరదులు, వారితోపాటు మేము క్యాత్‌ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాము.

కొంతసేపటికి వైద్యుడు బయటికి వచ్చారు. “మౌలానా గారూ, ఈ నాళంలో సున్నం బాగా పేరుకొని ఉందని అనుమానంగా ఉంది. సన్నని అల్ట్రాసౌండ్ గొట్టం లోపలికి పంపి, చూసి స్టెంటు వేస్తే మంచిది. దాని ఖర్చు వేరుగా ఉంటుంది” అన్నారు. ఫోనులో ఉన్న కుమారుడు, “హజ్రత్, మీరు ఎలా చెబితే అలాగే” అన్నాడు. యాంజియోగ్రామ్‌లో అంతా కనిపించాక మళ్ళీ చూడడం దేనికి, ఇది బిల్లు పెంచే మార్గం కాబోలు అన్న ఆలోచన మా మనసులో మెదిలింది. “స్టెంటు వేయండి, చాలు” అన్నాము. వైద్యుడు మరో మాట లేకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఎనిమిది నెలలకు అదే నొప్పి తిరిగి వచ్చింది. హాఫిజ్ సాహెబ్ ఒక్క పూట కూడా మాత్రలు మానలేదు. అయినా బంధువుల్లో ఒకరు తిండిలో పథ్యం లేదన్నారు, మరొకరు దిష్టి తగిలిందన్నారు, ఇంకొకరు తఖ్దీర్ అని ఊరుకున్నారు. ఈసారి అదే వైద్యుడు నాళం లోపలికి చూసి, ఆ చిత్రాన్ని తెర మీద మాకు చూపించారు. చుట్టూ తెల్లగా మెరుస్తున్న సున్నపు వలయం. దాని పట్టులో చిక్కిన ఉంగరంలా స్టెంటు. అది విచ్చుకోవలసినంతలో దాదాపు సగమే విచ్చుకుంది. ధ్వని తరంగాలతో సున్నాన్ని పగులగొట్టే ప్రత్యేకమైన బెలూనుతో ఆ పట్టును సడలించి, స్టెంటును పూర్తిగా తెరిచారు. అల్లాహ్ దయ వల్ల హాఫిజ్ సాహెబ్ నేడు మళ్ళీ పిల్లల మధ్య కూర్చొని పాఠం వింటున్నారు. కానీ ఆ రోజు మేము పలికిన ‘చాలు’ అన్న మాట మమ్మల్ని ఇంకా వదలలేదు. ఏమీ అడగకుండా, ఏమీ తెలుసుకోకుండా పలికిన మాట అది. మన కుటుంబాలలో మరొకరు ఆ తలుపు దగ్గర అలా పలకకూడదన్న ఉద్దేశంతోనే ఈ వ్యాసం రాస్తున్నాము.

నీడ వేరు, గోడ వేరు

గుండె నిరంతరం శరీరమంతటికీ రక్తం పంపుతుంది. దాని కండరానికి కూడా రక్తం కావాలి. ఆ రక్తాన్ని అందించేవే హృదయ ధమనులు. వాటి గోడలలో కొవ్వు, సున్నం పేరుకొని దారి ఇరుకైతే ఛాతీ నొప్పి వస్తుంది. ఆ పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

యాంజియోగ్రామ్‌లో నాళంలోకి ఒక ద్రవాన్ని పంపి ఎక్స్‌రే తీస్తారు. ఆ ద్రవం ప్రవహించిన మేర నల్లగా కనిపిస్తుంది. అంటే మనం చూసేది రక్తం పారే దారి యొక్క నీడను మాత్రమే. నాళపు గోడ ఎంత మందంగా ఉంది, అందులో ఉన్నది మెత్తని కొవ్వా, గట్టి సున్నమా, నాళపు అసలు వెడల్పు ఎంత అన్న సంగతులు ఆ నీడ పూర్తిగా చెప్పలేదు. గుండ్రని కుండకూ, ఒక వైపు నొక్కుకుపోయిన కుండకూ గోడ మీద ఒకే విధమైన నీడ పడవచ్చు కదా!

మన పల్లెల్లో బోరు ఎందుకు పనిచేయడం లేదో తేలనప్పుడు లోపలికి కెమెరా దించి చూస్తారు. నాళం లోపలి చిత్రణ కూడా అటువంటిదే. సుమారు ఒక మిల్లీమీటరు మందం గల గొట్టాన్ని, స్టెంటు వేయడానికి అప్పటికే పంపిన తీగ మీదుగానే నాళంలోకి పంపి, మెల్లగా వెనక్కి లాగుతూ గోడను లోపలి నుంచి చిత్రిస్తారు. ఇందులో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది ఇంట్రావాస్క్యులర్ అల్ట్రాసౌండ్. వైద్యులు దీనిని ‘ఐవస్’ అంటారు. గర్భిణులకు చేసే స్కానింగు మాదిరిగానే ఇది ధ్వని తరంగాలతో పనిచేస్తుంది. గోడలోకి అనేక మిల్లీమీటర్ల లోతు వరకు చూడగలదు. దీనికి అదనంగా ద్రవం ఎక్కించవలసిన పని లేదు. అందువల్ల మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి విషయంలో ఇది అనుకూలం.

రెండవది ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ. దీనినే ‘ఓసీటీ’ అంటారు. ఇది కాంతితో పనిచేస్తుంది. ఈ విధానాన్ని 1991లో అమెరికా శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. కంటి ఆసుపత్రులలో రెటీనాను పరీక్షించడానికి నేడు వాడుతున్నది కూడా ఇదే విధానం. ఐవస్ కంటే దాదాపు పదింతలు సూక్ష్మమైన వివరాలను చూపుతుంది గానీ, అంత లోతుకు చూడలేదు. పైగా రక్తం కాంతిని అడ్డుకుంటుంది కనుక చిత్రం తీసే కొన్ని సెకన్లు ద్రవంతో రక్తాన్ని పక్కకు నెట్టవలసి ఉంటుంది.

ఇలా చూడడం వల్ల స్టెంటు వేయకముందు మూడు సంగతులు తెలుస్తాయి: నాళపు అసలు వెడల్పు, జబ్బు సోకిన భాగపు పొడవు, సున్నపు గట్టిదనం. వేసిన తర్వాత మరో మూడు తెలుస్తాయి: స్టెంటు పూర్తిగా విచ్చుకుందా, గోడకు ఆనుకొని ఉందా, దాని అంచుల దగ్గర గోడ చీలిందా.

ఇంత సూక్ష్మమైన తేడాలకు అంత ప్రాముఖ్యం ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. 3 మిల్లీమీటర్ల వ్యాసానికి విచ్చుకోవలసిన స్టెంటు 2.25 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయిందనుకుందాం. వ్యాసంలో తగ్గింది పావు వంతే. కానీ రక్తం పారే వైశాల్యం 7 చదరపు మిల్లీమీటర్ల నుంచి 4కు, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. అలా ఇరుకుగా మిగిలిన చోటే మళ్ళీ కండ పెరగడానికీ, రక్తం గడ్డకట్టడానికీ అవకాశం ఎక్కువ.

తప్పు లోహానిది కాదని తేలిన వేళ

స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో 1977లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు మొట్టమొదటిసారి బెలూనుతో గుండె నాళాన్ని తెరిచారు. తెరిచిన నాళం మళ్ళీ మూసుకుపోకుండా ఉండేందుకు 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశాల వైద్యులు లోహపు జాలీని, అంటే స్టెంటును అమర్చడం ప్రారంభించారు. అయితే తొలి సంవత్సరాలలో ఒక పెద్ద ఆపద ఎదురయింది. కొందరు రోగులకు స్టెంటు లోపలే హఠాత్తుగా రక్తం గడ్డకట్టేది. శరీరంలో పరాయి లోహం ఉంది కనుక ఇది తప్పదని చాలామంది భావించారు. రక్తాన్ని పలచబరిచే మందులను పెద్ద మోతాదులో ఇచ్చేవారు. వాటి వల్ల రక్తస్రావమై రోగులు మరో ప్రమాదంలో పడేవారు.

ఇటలీలోని మిలాన్ నగరంలో ఆంటోనియో కొలంబో, ఆయన సహచరులు స్టెంటు వేసిన నాళాలలోకి ఐవస్‌తో చూశారు. యాంజియోగ్రామ్‌లో చక్కగా కనిపించిన స్టెంట్లలో అనేకం లోపల సరిగా విచ్చుకోలేదని తేలింది. వారు ఎక్కువ ఒత్తిడితో బెలూనును ఉబ్బించి స్టెంట్లను పూర్తిగా తెరిచారు. సరిగా తెరుచుకున్నాయని చూసి నిర్ధారించుకున్న తర్వాత ఆ తీవ్రమైన మందులు లేకుండానే రోగులు క్షేమంగా ఉండగలిగారు. ఈ ఫలితాలు 1995లో ప్రచురితమయ్యాయి. స్టెంటు వేసే విధానమే అప్పటి నుంచి మారిపోయింది. నింద లోహం మీద వేశారు, లోపం అమరికలో ఉంది. లోపలికి చూడనంత కాలం ఆ సంగతి తేలలేదు.

మదరసాలో హదీసు శాస్త్రం చదివిన వారికి ఇది కొత్త పాఠం కాదు. హదీసు వేత్తలు ఒక ఉల్లేఖనం పైకి సవ్యంగా కనిపించినంత మాత్రాన స్వీకరించేవారు కారు. ఉల్లేఖకుల పరంపరలోని ఒక్కొక్కరినీ పరిశీలించేవారు. పైకి ఏ దోషమూ కనిపించని ఉల్లేఖనంలో దాగి ఉండే లోపానికి వారు ‘ఇల్లత్’ అని పేరు పెట్టారు. అరబీలో ఆ మాటకు జబ్బు అనే అర్థం కూడా ఉంది. ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు ఇల్లత్ గురించి బోధిస్తున్న మేము, ఆ తలుపు దగ్గర నీడను చూసి అంతా తెలిసిందనుకున్నాము.

వైద్యంలోనూ మన పూర్వీకులు ఇదే దారిలో నడిచారు. డమాస్కస్‌లో చదివి కైరోలో స్థిరపడిన ఇబ్ను నఫీస్ వైద్యుడే కాక షాఫయీ ఫిఖ్‌హ్ పండితుడు కూడా. గుండె గదుల మధ్య గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయనీ, వాటి గుండా రక్తం కుడి నుంచి ఎడమకు వెళ్తుందనీ గాలెన్ కాలం నుంచి వైద్యులు నమ్ముతూ వచ్చారు. ఇబ్ను నఫీస్ 1242లో రాసిన గ్రంథంలో దానిని అంగీకరించలేదు. ఆ గోడలో దారి లేదనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుతుందనీ వివరించారు. గుండెకు పోషణ దాని కండరంలో వ్యాపించిన నాళాల ద్వారా అందుతుందని కూడా చెప్పారు. ఆ నాళాలే నేడు మనం మాట్లాడుకుంటున్న హృదయ ధమనులు. పెద్దలను గౌరవిస్తూనే, వారు చెప్పినదానిని పరీక్షించి చూడడం మన విద్యా సంప్రదాయంలో భాగం. ఆయన 1288లో మరణించేముందు తన ఇంటినీ గ్రంథాలయాన్నీ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి ఇచ్చేశారు.

అందరికీ అవసరమా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పుకోవాలి. దక్షిణ కొరియాలో క్లిష్టమైన అడ్డంకులున్న 1,639 మంది రోగుల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సుమారు రెండేళ్ల కాలంలో గుండె జబ్బుతో మరణం, అదే నాళం వల్ల గుండెపోటు, అదే నాళానికి మళ్ళీ చికిత్స – ఈ మూడింటిలో ఏదో ఒకటి సంభవించినవారు యాంజియోగ్రామ్ ఆధారంగా స్టెంటు వేసిన వర్గంలో 12.3 శాతం, లోపలి చిత్రణతో వేసిన వర్గంలో 7.7 శాతం. అంటే వందమందిలో నలుగురైదుగురు ఆపద నుంచి తప్పించుకున్నారు.

అదే సంవత్సరం ఓసీటీ మీద దాదాపు రెండున్నర వేల మందితో జరిగిన మరో పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. అందులో స్టెంట్లు మరింత బాగా విచ్చుకున్నాయి, వాటిలో రక్తం గడ్డకట్టడం కూడా తక్కువగా కనిపించింది. కానీ రెండేళ్లలో ఆ నాళానికి సంబంధించిన మొత్తం ఆపదల లెక్కలో చెప్పుకోదగిన తేడా తేలలేదు. కాబట్టి ఇది అన్నింటికీ మంత్రదండం కాదు.

అనేక పరిశోధనలను కలిపి చూసిన యూరప్ హృద్రోగ వైద్యుల సంఘం 2024లోనూ, అమెరికా సంఘాలు 2025లోనూ క్లిష్టమైన నాళాలలో స్టెంటు వేసేటప్పుడు లోపలి చిత్రణను తమ అత్యున్నత స్థాయి సిఫారసులలో చేర్చాయి. క్లిష్టమైనవి అంటే ఏవి? ఎడమ వైపు ప్రధాన ధమని మొదలు, రెండు కొమ్మలుగా చీలే చోటు, పొడవైన అడ్డంకి, గట్టి సున్నం పేరుకున్న నాళం వంటివి. పాత స్టెంటు మళ్ళీ మూసుకుపోయినప్పుడు కూడా కారణం తెలుసుకోవడానికి లోపలికి చూడడం ఎంతో ఉపయోగం. చిన్నదైన, సులువైన అడ్డంకి అయితే ఇది లేకుండానే మంచి ఫలితం రావచ్చు. ఆ తీర్పు అనుభవజ్ఞుడైన వైద్యునిదే.

ఆ తలుపు దగ్గర ఏమి అడగాలి?

ఆధారం లేని అనుమానాలకు దూరంగా ఉండమని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా మనకు బోధిస్తుంది. అందిన సమాచారాన్ని నిర్ధారించుకోమని కూడా అదే సూరా ఆదేశిస్తుంది. ఈ రెండు ఆదేశాలూ ఆసుపత్రిలో కూడా వర్తిస్తాయి. వైద్యుడు ఏది చెప్పినా దోపిడీ అనుకోవడం మొదటి ఆదేశానికి విరుద్ధం. ఏది చెప్పినా అడగకుండా సంతకం చేయడం రెండవదానికి విరుద్ధం. మర్యాదగా, సూటిగా అడగడమే మధ్యేమార్గం. అడగవలసినవి ఇవి:

1. అడ్డంకి ఏ నాళంలో ఉంది? అది పైన చెప్పిన క్లిష్టమైన వాటిలో ఒకటా? అయితే లోపలి చిత్రణతో స్టెంటు వేస్తారా?

2. ఆ సౌకర్యం ఈ ఆసుపత్రిలో ఉందా? దానిని తరచుగా వాడే అనుభవం ఉందా?

3. రోగికి మధుమేహం లేదా మూత్రపిండాల సమస్య ఉంటే ఏ పద్ధతి తగినది?

4. ఖర్చు ఎంత? ప్యాకేజీలో కలిసి ఉందా, వేరుగా ఉంటుందా? కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో స్టెంట్ల ధరలకు పరిమితి విధించిందని చాలామందికి తెలుసు. అయితే ఆ పరిమితి స్టెంటుకు మాత్రమే. చిత్రణకు వాడే గొట్టం వేరే వస్తువు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చేరినవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, బీమా ఉన్నవారు బీమా విభాగాన్ని ముందే అడగాలి.

5. చికిత్స ముగిశాక స్టెంటు పేరు, పొడవు, వ్యాసం, అది ఎంత విచ్చుకుందన్న వివరం డిశ్చార్జి పత్రంలో రాస్తారా? చిత్రాల సీడీ ఇస్తారా? మళ్ళీ ఎప్పుడైనా అవసరం పడితే ఇవే ఆధారం.

ఒక హెచ్చరిక. గుండెపోటు వచ్చి రోగిని అత్యవసరంగా తీసుకువెళ్లినప్పుడు ఈ ప్రశ్నలతో కాలయాపన చేయరాదు. అప్పుడు మూసుకున్న నాళాన్ని తెరవడమే ముఖ్యం. ప్రతి నిమిషమూ గుండె కండరం నశిస్తూ ఉంటుంది. అందుకే ఇంట్లో మధుమేహం, రక్తపోటు, పొగాకు అలవాటు ఉన్న పెద్దలున్నవారు ఈ విషయాలు ముందుగానే తెలుసుకొని ఉండాలి.

వైద్యులకు కూడా ఒక మనవి. ‘చూసి వేస్తే మంచిది’ అన్న ఒక్క వాక్యం ఆందోళనలో ఉన్న కుటుంబానికి సరిపోదు. ఎందుకు మంచిదో రెండు నిమిషాలు చెబితే, మావంటి వారి నోట ఆ ‘చాలు’ రాకపోవచ్చు.

పేదవాని గుండె మాటేమిటి?

వైద్యుడు అవసరమని చెప్పినా కొన్ని పదుల వేల అదనపు ఖర్చు భరించలేని ఇళ్లు మన మొహల్లాలలో ఎన్నో ఉన్నాయి. పెళ్ళి విందులకు వెచ్చించే సమాజం దీనికి చేయి ముడవడం తగదు. జకాత్‌కు అర్హుడైన రోగికి ఆ సొమ్మును అతని స్వాధీనంలోకి ఇచ్చి చికిత్సకు తోడ్పడవచ్చు. బైతుల్ మాల్ నిర్వహించే మస్జిదు కమిటీలు ఇటువంటి అవసరాల కోసం కొంత సదఖాను విడిగా ఉంచితే ఎంతో మేలు.

స్టెంటు తర్వాత, రమజానులో

ఎంత చక్కగా అమర్చిన స్టెంటయినా మాత్రలు మానేస్తే ప్రమాదమే. రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా రెండు రకాల మాత్రలు ఇస్తారు. నిలకడగా ఉన్న రోగికి తరచుగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఏడాది రెండూ వాడమంటారు. ఆ తర్వాత ఒకటి కొనసాగుతుంది. ఈ గడువును వైద్యుడు తప్ప మరెవరూ మార్చరాదు. హిజామా చేయించుకునేవారు కూడా ఈ మాత్రలు వాడుతున్నప్పుడు రక్తస్రావ ప్రమాదం ఉంటుందని గుర్తించి, ముందుగా వైద్యుని అనుమతి పొందాలి.

రమజాను రాగానే మాత్రలు వదిలేసేవారిని మేము చూశాము. ఇది భక్తి కాదు. వైద్యుడు ఉపవాసానికి అనుమతిస్తే రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రలను సహరీ, ఇఫ్తార్ వేళలకు సర్దుబాటు చేయించుకోవచ్చు. అనుమతించకపోతే వ్యాధిగ్రస్తునికి అల్లాహ్ స్వయంగా ఇచ్చిన సడలింపు ఉంది. కోలుకున్నాక ఆ ఉపవాసాలు పూర్తి చేయవచ్చు. కోలుకునే ఆశ లేనివారు ఫిద్‌యా చెల్లించవచ్చు.

తఖ్దీర్ పేరుతో తప్పించుకోలేము

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణిస్తుండగా అక్కడ మహమ్మారి ప్రబలిందన్న వార్త అందింది. ఆయన తెలిసినవారిని సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, ఒక విధివ్రాత నుంచి మరో విధివ్రాత వైపుకే వెళ్తున్నామన్న భావంతో ఆయన బదులిచ్చారు. సంప్రదించడం, తెలుసుకోవడం, ఆపై నిర్ణయించుకోవడం – ఇవేవీ తఖ్దీర్‌కు వెలుపల లేవు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. అడగడం మన బాధ్యత.

హాఫిజ్ సాహెబ్‌కు ఆ రోజు జరిగినదంతా మేమే చెప్పాము. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, “హజ్రత్, మీ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది కదా, నలుగురికీ చెప్పండి” అన్నారు. ఆయన ఆజ్ఞనే ఇక్కడ పాటించాము.

గుండె జబ్బుతో బాధపడుతున్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారి తరఫున నిర్ణయాలు తీసుకునే మనకు తెలుసుకొని మాట్లాడే వివేకాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.